నడుస్తున్న అనిమే మీద మన మాట మనమే చెప్పాలంటే

శనివారం సాయంత్రం మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ దగ్గర చాయ్ తాగేటప్పుడు మా నలుగురిలో ఎవరో ఒకరు ఆ వారం వచ్చిన అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్, ఎపిసోడ్ ముచ్చట తీస్తారు. రెండు నిమిషాలు కాకముందే తెలిసిపోతుంది, ఇతను ఎపిసోడ్ చూసి మాట్లాడుతున్నాడా, లేక ఎవరో చేసిన పది నిమిషాల రివ్యూ వీడియో చూసి వచ్చి ఆ మాటలే మనకు అప్పజెప్తున్నాడా అని. "యానిమేషన్ డల్ అయింది భయ్యా", "స్లో ఉంది", "పీక్" (అంటే అదిరిపోయింది) ఈ మూడు తీసేస్తే ఇంకేం మిగలదు. అది నాకు నచ్చదు. అనిమే అంటే నాకు ప్రాణం, ఎనిమిదేళ్లుగా ఏ సీజన్ వదలకుండా చూస్తున్నా. అందుకే వారం వారం వస్తున్న సిరీస్‌ని ఎలా ఎంచుకోవాలి, ఎలా చూడాలి, దాని మీద మన సొంత అభిప్రాయం ఎలా తయారు చేసుకోవాలి అన్నది నేను చేసే పద్ధతిలోనే చెప్తా.

అయిపోయిన సిరీస్ మీద మాట్లాడటం సులువు, ముగింపు తెలుసు కాబట్టి. నడుస్తున్నది అట్ల కాదు. కథ సగంలో ఉంటుంది, రచయిత ఎటు తీసుకుపోతాడో తెలీదు, అయినా మనం ఇవాళ ఒక మాట అనాలి, వచ్చే వారం ఆ మాట తప్పని తేలితే ఒప్పుకోవాలి కూడా.

ముందు ఎంచుకోవడం. జపాన్‌లో అనిమే ఏడాదికి నాలుగు సీజన్లుగా వస్తుంది, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో కొత్తవి మొదలవుతాయి. ఒక్కో విడత 12 లేదా 13 ఎపిసోడ్‌లు, కొన్ని రెండు విడతలు కలిపి 24, 25 దాకా పోతాయి. ప్రతి సీజన్‌లో పదుల కొద్దీ సిరీస్‌లు దిగుతాయి కాబట్టి అన్నీ చూడాలని కూర్చుంటే ఏదీ సరిగ్గా చూడలేరు. నేను మొదటి వారం ఏడెనిమిది రుచి చూసి, మూడో వారానికి నాలుగుకి తగ్గిస్తా. ఉద్యోగం, ఇల్లు ఉన్న మనిషికి నాలుగే ఎక్కువ.

ట్రైలర్ చూసి ఎంచుకోకండి. చాలామంది స్టూడియో పేరు చూసి ఎంచుకుంటారు, అది కూడా సగమే నిజం. ఉదాహరణకు విన్లాండ్ సాగా 2019లో మొదటి సీజన్ విట్ స్టూడియో చేసింది, 2023లో రెండో సీజన్ మాప్పా చేసింది, కానీ రెండింటికీ డైరెక్టర్ షుహెయ్ యబుటానే, అందుకే స్టూడియో మారినా ఆ కథ నడక మారలేదు. వన్ పంచ్ మ్యాన్ దీనికి తిరగేసిన కేసు. 2015లో మ్యాడ్‌హౌస్‌లో షింగో నత్సుమే డైరెక్షన్‌లో వచ్చిన మొదటి సీజన్, 2019లో జె.సి.స్టాఫ్ చేసిన రెండో సీజన్ పక్కపక్కన పెట్టి చూడండి, హీరో అదే, కథ అదే, కానీ చేసిన మనుషులు వేరు కాబట్టి దెబ్బ పడినప్పుడు ఆ బరువే వేరు. 2023లో ఫ్రీరెన్ అనే సిరీస్ మొదలవుతుందని తెలిసినప్పుడు నేను గుడ్డిగా నమ్మింది కూడా డైరెక్టర్‌నే. కెయిచిరో సైతో అంతకు ముందు ఏడాది, 2022లో, క్లోవర్‌వర్క్స్‌లో బొచ్చి ద రాక్ చేశాడు. గిటార్ వాయించే పిరికి అమ్మాయి కథకీ, వెయ్యేళ్లకు పైగా బతికిన మంత్రగత్తె కథకీ సంబంధమే లేదు, కానీ మాట్లాడకుండా కూర్చున్న మనిషి మనసులో ఏముందో చూపించడం అతనికి తెలుసు అని నాకు నమ్మకం కుదిరింది. కాబట్టి డైరెక్టర్ ఎవరు, ఇంతకు ముందు ఏం చేశాడు, ఇది మాంగా (జపాన్ కామిక్స్) నుంచి వచ్చిందా, లైట్ నవల (మధ్య మధ్య బొమ్మలుండే తేలికపాటి నవల) నుంచా, లేక కొత్తగా రాసిన కథా, ఈ మూడూ చూసుకుంటే చాలు.

టైం విషయం త్వరగా చెప్పేస్తా. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడి టీవీ షెడ్యూల్‌లో శనివారం 25:30 అని కనిపిస్తే కంగారు పడకండి, అర్ధరాత్రి దాటాక వచ్చేదాన్ని కూడా ముందు రోజు లెక్కలోనే రాస్తారు, అంటే అక్కడ ఆదివారం తెల్లవారుజామున ఒకటిన్నర, మనకు శనివారం రాత్రి పది. ఫ్రీరెన్ మొదటి సీజన్ 2023 సెప్టెంబర్ 29న రెండు గంటల స్పెషల్‌తో మొదలై, తర్వాత శుక్రవారం రాత్రి అక్కడ పదకొండుకి వచ్చేది, మనకు ఏడున్నర. యాప్‌లోకి ఎక్కడానికి ఇంకాస్త టైం పడుతుంది, దాన్ని యాప్‌లోనే చూసుకోవాలి.

ఎక్కడ చూడాలి అంటే క్రంచీరోల్, నెట్‌ఫ్లిక్స్ ఉన్నాయి, డబ్బులు పెట్టలేని వాళ్లకు యూట్యూబ్‌లో మ్యూజ్ ఇండియా లాంటి ఛానళ్లలో కొన్ని సిరీస్‌లు ఫ్రీగా, న్యాయంగానే దొరుకుతాయి. దొంగ సైట్ల జోలికి పోవద్దని చెప్పడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. వాటిలో హడావుడిగా చేసిన సబ్‌టైటిల్స్ ఉంటాయి, ఆ తప్పుడు మాటలు చదివి "డైలాగులు బాలేవు" అని మనం తీర్పు చెప్పేస్తాం. రాసిన మనిషి చేయని తప్పుకు రాసిన మనిషిని తిట్టడం అది. ఇంకొకటి, రోజు డేటా అయిపోయిందని 240లో పెట్టుకుని జడ్చర్ల బస్సులో కిటికీ పక్కన ఎండలో చూసి యానిమేషన్ బాలేదనే వాళ్లను నేను చూశా. కథ గురించి ఏమన్నా అనండి, కానీ బొమ్మ గురించి మాట్లాడాలంటే రాత్రి ఇంటికొచ్చి, వైఫైలో, కనీసం 720లో, వీలైతే టీవీలో చూసి మాట్లాడండి.

డబ్బింగా, సబ్‌టైటిల్సా అని కొట్టుకునే వాళ్లకు ఒక మాట. రెండూ చూడొచ్చు. సోలో లెవలింగ్‌కు తెలుగు డబ్బింగ్ వచ్చాక మా ఇంట్లో తమ్ముడి ఫ్రెండ్స్ అంతా కూర్చుని చూశారు, డెమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్ 2025 సెప్టెంబర్ 12న థియేటర్లలో తెలుగులో కూడా వచ్చినప్పుడు, అంతకు ముందు అనిమే పేరెత్తితే "కార్టూన్" అనే మా బాబాయి కూడా మాతో వచ్చి చివరిదాకా కదలకుండా చూశాడు. అది చిన్న విషయం కాదు. కానీ మీరు అభిప్రాయం రాయాలనుకుంటే కనీసం ఒక్కసారి జపనీస్ గొంతుతో వినండి, ఎందుకంటే పిలుపులు అక్కడే ఉంటాయి. ఫ్రీరెన్‌లో ఫెర్న్ అనే అమ్మాయి తన గురువును "ఫ్రీరెన్ సమా" అంటుంది, సమా అంటే మన "గారు" లాంటి మర్యాద మాట, అది సరే, కానీ తన ఈడు కుర్రాడు, తను రోజూ కసురుకునే స్టార్క్‌ను కూడా "స్టార్క్ సమా" అనే పిలుస్తుంది. ఎంత కోపంలో ఉన్నా ఆ "సమా" వదలదు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌లో అది పూర్తిగా కనపడదు, ఇంగ్లీష్‌లో దానికి సరిగ్గా సరిపడే మాట లేదు. మనకు ఉంది. మనం ఒక మనిషిని నువ్వు అనాలా మీరు అనాలా, అన్నా అనాలా సార్ అనాలా అని రోజుకు పదిసార్లు తూచి మాట్లాడేవాళ్లం, మనిషి మీద కోపంతో ఉన్నట్టుండి "మీరు" అనడం మన ఇళ్లల్లోనూ ఉంది. ఆ చెవితో వినండి, ఏ ఇంగ్లీష్ రివ్యూలోనూ దొరకనిది మీకు దొరుకుతుంది.

ఇక ఎన్ని ఎపిసోడ్‌లు చూశాక మాట అనాలి? మూడు ఎపిసోడ్‌లు చూశాకే తేల్చుకోవాలి అనే లెక్క ఒకటి చాలాకాలంగా ఉంది, 2011లో మడోకా మ్యాజికా మూడో ఎపిసోడ్ దెబ్బకు అది మరీ పాకింది. నా లెక్క వేరు. మొదటి ఎపిసోడ్‌ను నేను అసలు లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే ఎక్కువ టైం, మంచి ఆర్టిస్టులు దానికే దొరుకుతారు. 2024లో ఉజుమకి వచ్చింది, నాలుగే ఎపిసోడ్‌లు, మొదటిది చూసి నేను రాత్రి నిద్రపోలేదు, నలుపు తెలుపులో అంత భయంకరమైన అందం ఎప్పుడూ చూడలేదు, రెండో వారానికే అదే సిరీస్‌లో మనుషులు కొయ్యబొమ్మల్లా నడవడం మొదలైంది. ఆ మొదటి రాత్రే "ఈ ఏడాది ఇదే నంబర్ వన్" అని రాసిన వాళ్లంతా తర్వాత మాట మార్చుకోవాల్సి వచ్చింది. తిరగేసి చూస్తే స్టైన్స్ గేట్ సగందాకా ల్యాబ్‌లో సోది కబుర్లలానే ఉంటుంది, కానీ తర్వాత పడే దెబ్బ ఆ కబుర్ల వల్లే అంత గట్టిగా తగులుతుంది. కాబట్టి 12 ఎపిసోడ్‌లదైతే నాలుగు, 24దైతే ఆరు చూశాకే మాట. అప్పటిదాకా "చూస్తున్నా" అంటే చాలు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, నోట్‌బుక్. నవ్వొద్దు. ఎపిసోడ్ అయిపోయిన గంటలోపు, కామెంట్లు తెరవకముందు, ఫ్రెండ్స్‌కు మెసేజ్ పెట్టకముందు, మూడు నాలుగు లైన్లు రాయండి. బాగుంది, బాలేదు అని కాదు. గుర్తుండిపోయిన ఒక సీన్, అందులో ఏం కనిపించింది, ఏం వినిపించింది, మీకు వచ్చిన ఒక డౌటు. అంతే. కామెంట్లు ముందు చదివారా, మీ మాట పోయినట్టే, అది ఇంక తిరిగి రాదు. నాకు చాలాసార్లు అయింది, ఎపిసోడ్ చూస్తున్నంతసేపూ నచ్చింది, తర్వాత అందరూ తిడుతుంటే చదివి, నిజమే కదా అనుకుని, మర్నాడు నేనూ తిట్టా. ఆ తిట్టు నాది కాదు.

ఈ విషయం నాకు పూర్తిగా అర్థమైంది విన్లాండ్ సాగా రెండో సీజన్ వచ్చినప్పుడు, 2023 జనవరి నుంచి జూన్ దాకా, 24 వారాలు. మొదటి సీజన్ అంతా ఓడలు, కత్తులు, తండ్రిని చంపినవాడి మీద పగ. రెండో సీజన్‌లో ఆ హీరో థోర్ఫిన్ డెన్మార్క్‌లో కెటిల్ అనే ఆసామి పొలంలో బానిస. ఎయినార్ అనే ఇంకో బానిసతో కలిసి అడవి కొట్టి, మొద్దులు పీకి, నేల చదును చేసి, గోధుమ పండించాలి, ఆ పంట డబ్బులతో తమను తాము కొనుక్కుంటే విడుదల. ఎపిసోడ్‌ల మీద ఎపిసోడ్‌లు ఇదే. ఇంటర్నెట్ నిండా ఒకటే గోల, ఫైట్లు ఏవీ, ఇది వ్యవసాయం సిరీస్ అయింది అని. మా వాళ్లలో కూడా ఒకడు, "పొలం పనులు సూడనీకె అనిమే ఎందుకన్నా, ఊరికి పోతే సాలదా" అన్నాడు.

ఒక వారం ఊరికి పోయినప్పుడు ఫోన్‌లో పెట్టుకుని చూస్తున్నా, పక్కన అమ్మ చిక్కుడుకాయ గిల్లుతోంది. వాళ్లిద్దరూ మొద్దును పట్టి గుంజుతున్నారు, రావట్లేదు. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని కాసేపు చూసి, "గా మొద్దు సుట్టూ తవ్వి ఏర్లు నరకకుంటే ఎట్లొస్తది రా, గుంజితే నడుములు పోతయి" అంది. ఇంకాసేపు చూసి, "ఆళ్లకు కూలి ఎంత" అని అడిగింది. కూలి లేదమ్మా, కొనుక్కున్న మనుషులు, పంట పండిస్తే వదిలేస్తాడంట అని చెప్పా. "మీ తాత గుంపుల పోయినప్పుడు గిట్లనే, మేస్త్రీ బాకీ తీరితేనే ఇల్లు" అంది, మళ్లీ చిక్కుడుకాయ చూసుకుంది.

పాలమూరు లేబర్ అంటే దేశంలో ప్రాజెక్టులు కట్టిన ప్రతి చోటా తెలుసు. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి ఇంటింటికీ అడ్వాన్స్ ఇస్తాడు, ఆ డబ్బు పెళ్లికో, కరువుకో, ఆస్పత్రికో ఖర్చయిపోతుంది, తర్వాత నెలల తరబడి ఎక్కడో తెలీని రాష్ట్రంలో కాలువ తవ్వాలి. మా తాత ఆ మట్టి పని చేసిన మనిషే. ఆ సాయంత్రం దాకా నేను కూడా ఆ సీజన్‌ను "కొంచెం స్లో, కానీ ఓకే" అంటూ వచ్చా, అది నేను ఎక్కడో చదివిన మాట. ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసుకున్నది ఇది: "మొద్దు పీకేటప్పుడు సంగీతం లేదు, ఊపిరి శబ్దమే. ఎయినార్ చేతులకు మట్టి. ముసలాయన గుర్రం, నాగలి ఇచ్చాడు, కానీ ఊరికే ఇవ్వలేదు, పని చేయించుకుని ఇచ్చాడు. డౌటు: విడుదలయ్యాక వీళ్లు ఎక్కడికి పోతారు?" మొలకలు వచ్చిన ఎపిసోడ్‌లో ఆ పచ్చటి గీతలు చూసి నేను లేచి నిలబడ్డా. ఏ ఫైట్‌కూ అట్ల నిలబడలేదు. ఇప్పటికీ ఎవరైనా ఆ సీజన్ బోర్ అంటే నేను వాదించను, ఆరో ఎపిసోడ్ దాకా చూశావా అని అడిగి, చూశానంటే, మీ ఇంట్లో ఎవరైనా అప్పుకు కట్టుబడి పని చేశారా అని అడుగుతా. మాట అక్కడి నుంచి వేరే దారి పడుతుంది.

మీకు కూడా ఏదో ఒకటి ఉంటుంది. మా అక్క నర్సింగ్ చేసింది. అపోథెకరీ డైరీస్ 2023 అక్టోబర్‌లో మొదలైనప్పుడు నేను పోస్టర్ చూసి అంతఃపురం ప్రేమకథ అనుకుని పక్కన పెట్టేశా, మొదటి ఎపిసోడ్‌లోనే ముఖానికి పూసుకునే తెల్ల పౌడర్ విషమై పసిపిల్లలు చనిపోతున్నారని హీరోయిన్ మావోమావో కనిపెట్టే తీరు చూసి అక్క ఫోన్ చేసి మరీ తిట్టింది, "లక్షణాలు చూసి కారణం దాకా ఎట్ల పోయిందో చూడరా" అని. ఆమె చెప్పిన కోణం ఏ రివ్యూలోనూ లేదు. టైలరింగ్ తెలిసినవాళ్లు బట్టలు చూస్తారు, క్రికెట్ ఆడినవాళ్లు స్పోర్ట్స్ అనిమేలో కాళ్లు ఎక్కడ పెట్టారో చూస్తారు. అదే రాయండి.

యానిమేషన్ గురించి మాట్లాడేటప్పుడు ఒక సంగతి తెలిసి ఉండాలి. సెకనుకు 24 ఫ్రేములు నడిచినా ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీయరు, చాలాచోట్ల ఒక్క బొమ్మను మూడు ఫ్రేములు నిలబెడతారు, అంటే సెకనుకు ఎనిమిది బొమ్మలే. అది లోపం కాదు, టీవీ అనిమే పుట్టినప్పటి నుంచి ఉన్న పద్ధతి, దాన్ని తెలివిగా వాడుకున్న సీన్లు అద్భుతంగా ఉంటాయి. ఎక్కువ కదిలితేనే గొప్ప అనుకోకండి. బరువు చూడండి. మనిషి కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టు ఉందా, కత్తి ఎత్తేటప్పుడు భుజం కదిలిందా, అరిచే ముందు ఊపిరి తీసుకున్నాడా. మరి నిజంగా పనితనం పడిపోతే ఎలా తెలుస్తుంది? దూరం నుంచి చూపించే మనుషులకు ముఖాలు చెదిరిపోతాయి, మాట్లాడేటప్పుడు నోరొక్కటే కదులుతుంది, ఎండ్ క్రెడిట్స్‌లో యానిమేషన్ డైరెక్టర్ల పేర్లు ఒకటి రెండు ఉండాల్సిన చోట బారెడు వస్తాయి, సీజన్ మధ్యలో పాత సీన్లే అతికించిన ఎపిసోడ్ ఒకటి వస్తుంది. వాటి అర్థం చాలాసార్లు టైం చాలలేదని. 2023లో జోమ్ 100 అట్లనే వాయిదాల మీద వాయిదాలు పడి, సెప్టెంబర్‌లో అయిపోవాల్సినది చివరి మూడు ఎపిసోడ్‌లు డిసెంబర్ చివర్లో వచ్చాయి.

కాబట్టి తిట్టాల్సి వస్తే పనిని తిట్టండి, మనిషిని కాదు. ఎన్ని నెలల్లో పూర్తి కావాలో తేల్చేది బొమ్మ గీసేవాళ్లు కాదు, పై నుంచి డబ్బు పెట్టే కంపెనీల కమిటీ. 2025 అక్టోబర్‌లో వన్ పంచ్ మ్యాన్ మూడో సీజన్ మొదలైనప్పుడు నాకు కూడా బాధ కలిగింది, పదేళ్ల నుంచి ప్రేమించిన సిరీస్. ఏ సీన్, ఏ నిమిషం, ఎందుకు బాలేదో రాసుకున్నా, అడిగిన వాళ్లకు అదే చెప్పా. కానీ కొందరు గీసినవాళ్ల అకౌంట్లు వెతికి మరీ బూతులు పెట్టారు. రాత్రి మూడింటిదాకా కూర్చుని గీసినవాడికి మనం ఇచ్చేది అదా? మా చాయ్ దగ్గర ఆ మాటలు మాట్లాడనివ్వం.

మాంగా చదివినవాళ్ల విషయం కూడా తేల్చుకోవాలి. మా దగ్గర రూల్ ఒకటే, చదివినవాడు ముందే "నేను చదివా" అని చెప్పాలి, చెప్పాక ముందు జరగబోయేదాని గురించి నోరు మెదపకూడదు. "ఆగు, ఇంకో రెండు వారాలు ఆగు చూడు" అనడం కూడా స్పాయిలరే, అప్పటి నుంచి మనం ఎపిసోడ్ చూడం, దెబ్బ కోసం ఎదురుచూస్తాం. కానీ చదివినవాళ్ల దగ్గర తెలుసుకోదగ్గది ఒకటి ఉంది, ఒక్కో ఎపిసోడ్‌లో ఎన్ని చాప్టర్లు పడుతున్నాయి అన్నది. వన్ పీస్ 1999 అక్టోబర్ నుంచి వస్తోంది, మాంగాను దాటిపోకూడదని ఒక్కో చాప్టర్‌ను సాగదీసి సాగదీసి చూపించేవాళ్లు, చివరికి 2026 నుంచి ఏడాదికి 26 ఎపిసోడ్‌లకు మించకుండా చేస్తామని వాళ్లే ప్రకటించారు. సాగదీత డైరెక్టర్ చేతకానితనం కాదు, లెక్క అట్ల ఉంది.

మీరు పోస్టు రాసేటప్పుడు మొదటి లైన్‌లోనే ఎన్ని ఎపిసోడ్‌లు చూశారో, డబ్బింగా సబ్‌టైటిల్సా, మాంగా చదివారా లేదా చెప్పేయండి, చదివేవాళ్లకు మీరు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో తెలుస్తుంది. సీజన్ మధ్యలో పదికి ఇన్ని అని మార్కులు వేయకండి. వదిలేస్తే వదిలేశా అనండి, ఎన్నో ఎపిసోడ్ దగ్గర, ఏ సీన్ దగ్గర అన్నది చెప్పండి, "చెత్త" అనకండి, మీరు చూడని ఎనిమిది ఎపిసోడ్‌ల మీద ఆ మాట అనే హక్కు మీకు లేదు.

చివరి ఎపిసోడ్ వచ్చిన వారం ఒక పని తప్పకుండా చేయండి. ముగింపు చూసిన మర్నాడు మొదటి ఎపిసోడ్ మళ్లీ పెట్టి, నోట్‌బుక్‌లో మొదటి పేజీ పక్కన పెట్టుకుని చూడండి. ఫ్రీరెన్ 28 ఎపిసోడ్‌లు 2024 మార్చిలో అయిపోయాక నేను అదే చేశా. పదేళ్లు కలిసి తిరిగిన హిమ్మెల్ అంత్యక్రియల్లో ఫ్రీరెన్ ఏడవట్లేదని జనం గుసగుసలాడతారు, ఆ తర్వాత ఆమె ఏడుస్తుంది, ఈ మనిషి గురించి నేను తెలుసుకోవడానికి ప్రయత్నం చేయలేదే అని. సెప్టెంబర్‌లో నేను ఆ పేజీలో రాసుకున్నది "ఇంత త్వరగా ఏడిపించేశారు, ఇంకా హిమ్మెల్ ఎవరో కూడా తెలీదు మనకు" అని. మార్చిలో అదే సీన్ చూస్తుంటే, ఈ 28 ఎపిసోడ్‌లలో అతను ఊరూరా నిలబెట్టించుకున్న విగ్రహాలు, ఆమెకు తొడిగిన ఉంగరం, ఆమె కోసం చెప్పిన చిన్న చిన్న మాటలు అన్నీ తెలిసి ఉన్నాయి, ఆమెకు అప్పుడు తెలియనివి నాకు ఇప్పుడు తెలుసు. సెప్టెంబర్ లైన్ కింద తేదీ వేసి, "ఇప్పుడు తెలుసు" అని రాసి నోట్‌బుక్ మూసేశా.